డాబా మీదో పెరట్లోనో ధ్యానానికి చోటు: ఏం కట్టాలి, ఏం కట్టకూడదు

ధ్యానానికి ఆరుబయట చోటు ఏర్పాటు చేసుకుందామనుకున్నవాళ్ళు చాలామంది ముందుగా నర్సరీకి వెళ్తారు. పది కుండీలు, ఒక బుద్ధుడి బొమ్మ, గాలికి మోగే గంటలు కొనుక్కొస్తారు. మొదటి నెల బాగానే గడుస్తుంది. వేసవి వచ్చేసరికి అక్కడ బట్టలు ఆరేస్తుంటారు. దానికి కారణాలు దాదాపు ప్రతి ఇంట్లోనూ మూడే: ఎండ మొహాన కొడుతుంది, దోమలు కుడతాయి, కూర్చుంటే మోకాళ్ళూ నడుమూ నొప్పెడతాయి. ఈ మూడింటికీ దారి చూపిస్తే మొక్కలు తక్కువైనా ఆ చోట రోజూ కూర్చోగలుగుతారు. అందుకే ఇక్కడ అలంకరణకంటే ఈ మూడింటి గురించే ఎక్కువ రాస్తున్నాం.

ముందు వారం రోజులు ఊరికే కూర్చోండి

ఏమీ కొనకముందు ఒక చాప తీసుకుని, మీరు నిజంగా ధ్యానం చేయబోయే వేళకే డాబా మీదో పెరట్లోనో మూడు నాలుగు చోట్ల కూర్చుని చూడండి. రోజుకొక చోట, పావుగంట చొప్పున. ఆదివారం మధ్యాహ్నం తీరిగ్గా ఎంచుకున్న మూల సోమవారం ఉదయం ఆరింటికి పూర్తిగా వేరుగా ఉంటుంది. పక్కింటి బోరు మోటారు ఆ వేళకే వేస్తారు, స్కూలు బస్సు ఆ సందు మలుపులోనే హారన్ కొడుతుంది, కింది అంతస్తువాళ్ళ ఏసీ వేడిగాలి సరిగ్గా అక్కడికే వస్తుంది. ఇవన్నీ కూర్చుంటేనే తెలుస్తాయి.

ఎండ విషయంలో ఒక లెక్క గుర్తుపెట్టుకోవాలి. హైదరాబాద్‌లో మే చివర, జూన్ మొదట్లో సూర్యుడు 5:40 ప్రాంతంలో ఉదయిస్తాడు, జనవరిలో 6:45 దాటాక. విశాఖలో రెండు కాలాల్లోనూ ఇంచుమించు 20 నిమిషాలు ముందు. ఉదయించే దిక్కు కూడా మారుతుంది. వేసవిలో సరైన తూర్పుకు ఉత్తరంగా, చలికాలంలో దక్షిణంగా, అటూ ఇటూ 24 డిగ్రీల వరకు జరుగుతుంది. డిసెంబరులో పక్క బిల్డింగు నీడ పడే మూలలో మే నెలలో పొద్దున్నే ఎండ నేరుగా పడొచ్చు. చలికాలంలో చోటు ఎంచుకుంటే, ఈశాన్యం వైపు అడ్డంగా ఏముందో కూడా చూసుకోండి.

తూర్పు ముఖంగా కూర్చోవడం మనకు అలవాటు. కానీ పొద్దున 6:30 తర్వాత కూర్చునేవాళ్ళకు వాలుగా వచ్చే ఎండ మూసిన రెప్పల మీద పడి కళ్ళు చికిలించాల్సొస్తుంది, నుదురు బిగుసుకుంటుంది. ఉత్తర ముఖంగా కూర్చుంటే ఎండ కుడి భుజం మీదికి పోతుంది. ఉత్తరం కూడా సంప్రదాయం ఒప్పుకున్న దిక్కే కాబట్టి ఇంట్లో పెద్దవాళ్ళకూ అభ్యంతరం ఉండదు. తూర్పే కావాలంటే ఎదురుగా ఆరేడు అడుగుల దూరంలో తీగ అల్లిన తడిక ఒకటి నిలబెట్టాలి.

సాయంత్రం కూర్చునేవాళ్ళకు చిక్కు వేరు. పగలంతా కాగిన స్లాబు చీకటి పడ్డాక కూడా వేడి వదులుతూనే ఉంటుంది. ఏప్రిల్, మే నెలల్లో రాత్రి ఎనిమిది దాటేదాకా డాబా మీద కింద నుంచి సెగ తగులుతుంది. నీళ్ళు చల్లితే కాసేపు హాయిగా ఉన్నట్టుంటుంది గానీ, కోస్తాలో ఆ తేమకు ఉక్క పెరుగుతుంది. స్లాబుకు తెల్ల సున్నమో కూల్ రూఫ్ పెయింటో వేయిస్తే వేడి బాగా తగ్గుతుంది. తెలంగాణ ప్రభుత్వం 2023లో కూల్ రూఫ్ విధానం తెచ్చింది కూడా. సున్నం రెండు మూడు వానలకు పలచబడుతుంది, ఏటా వేసవికి ముందు మళ్ళీ వేసుకోవాలి. తెలుపు మీద పడిన పగటి వెలుతురు కళ్ళలో గుచ్చుతుంది కాబట్టి, మీరు కూర్చునే చోటు చుట్టూ మూడడుగుల మేర చాప పరుచుకోండి.

ఇక చూపుల సంగతి. నేలమీద బాసిపట్టు వేసుకుని కూర్చుంటే సగటు మనిషి తల రెండున్నర నుంచి మూడడుగుల ఎత్తులో ఉంటుంది. పిట్టగోడలు మామూలుగా మూడు, మూడున్నర అడుగులు. కాబట్టి డాబా మీద ఆరంగుళాల పీటో బల్లో వేసుకుంటే వీధిలోవాళ్ళకు కనబడరు. అడుగున్నర దిమ్మె కట్టించుకుంటే తల పిట్టగోడ పైకి వస్తుంది, చూపులూ తగులుతాయి, శబ్దమూ తగులుతుంది. రోడ్డు శబ్దాన్ని మొక్కలు పెద్దగా ఆపలేవు, గట్టి గోడ ఆపుతుంది. గోడ అంచుకన్నా తల కిందుగా ఉంటే ఎంత తేడా వస్తుందో ఒకసారి లేచి, మళ్ళీ కూర్చుని వినండి. మరొక ముఖ్యమైన మాట: బల్లైనా దిమ్మైనా పిట్టగోడకు ఆనించి పెట్టొద్దు. పిల్లలు దానిమీద ఎక్కితే పిట్టగోడ ఎత్తు ఆమేరకు తగ్గిపోయినట్టే. కనీసం మూడడుగులు వదలండి.

డాబా అయితే స్లాబు సంగతి ముందు తేల్చుకోండి

కుండీలు సర్దాక స్లాబు కారడం మొదలైతే అన్నీ తీసి మళ్ళీ పని చేయించాలి. అందుకే ముందే పరీక్ష పెట్టాలి. వాననీటి గొట్టాల మూతులు గుడ్డలతో గట్టిగా మూసి, ఆ చోట అంగుళం లోతున నీళ్ళు నిలబెట్టి 24 గంటలు ఉంచండి. కింద గది పైకప్పులో, ముఖ్యంగా ఫ్యాను కొక్కెం చుట్టూ, గోడ కలిసే మూలల్లో చెమ్మ మరక వస్తుందేమో చూడండి. వస్తే వాటర్‌ప్రూఫింగ్ అయ్యాకే మిగతా పని.

బరువు లెక్క కూడా ఉంది. మనుషులు ఎక్కి తిరిగే డాబాకు మన దేశపు ప్రమాణాల్లో అదనపు బరువు చదరపు మీటరుకు 150 కిలోల లెక్కన తీసుకుంటారు. తడిసిన మట్టి అడుగు లోతున చదరపు మీటరు మేర పరిస్తే 500 కిలోలు దాటుతుంది. స్లాబు మీద నేరుగా మట్టి పోసి పచ్చిక పెంచుదామన్న ఆలోచన ఇంజనీరును అడగకుండా చేయొద్దు. పెద్ద కుండీలను గోడల మీద, దూలాల మీద వచ్చేలా అంచుల వెంట పెట్టాలి, స్లాబు మధ్యలో గుంపుగా పెట్టకూడదు. ప్రతి కుండీ కింద రెండు ఇటుక ముక్కలో ఇనప స్టాండో ఉంటే కింద తడి ఆరుతుంది, వేర్లు స్లాబు పగుళ్ళలోకి దిగవు.

అపార్టుమెంటు డాబా అందరిదీ. అక్కడ తీసేయగలిగిన సరంజామా మాత్రమే, అదీ అసోసియేషన్ వాళ్ళు సరేనన్నాకే పెట్టుకోవాలి.

కూర్చునే చోటు

ఆసనం మరీ ఎత్తుగానూ మరీ పల్లంగానూ ఉండకూడదని, కదలకుండా నిలవాలని భగవద్గీత ఆరో అధ్యాయంలో ఉంది. కట్టేవాళ్ళకు అంతకన్నా మంచి కొలత దొరకదు.

పెరట్లో అయితే అరుగు కట్టించుకోవడం మేలు. ఆరడుగుల పొడవు, నాలుగడుగుల వెడల్పు, నేల నుంచి 15 అంగుళాల ఎత్తు ఉంటే ఒకరు కూర్చోవచ్చు, శవాసనం వేయవచ్చు, ఇద్దరు పక్కపక్కన కూర్చోవచ్చు. వాన నీళ్ళు చిమ్మవు, తేళ్ళూ జెర్రులూ సులువుగా ఎక్కవు. కట్టే వరస ఇది:

1. అరుగు అంచు వెంట ఆరంగుళాల లోతు గాడి తవ్వి, అడుగున కంకర వేసి దిమ్మిస కొట్టాలి.
2. తొమ్మిదంగుళాల ఇటుక గోడ నాలుగు వైపులా, సిమెంటు ఒక వంతుకు ఇసుక ఆరు వంతులతో. ఈ కొలతకు సుమారు 300 ఇటుకలు పడతాయి.
3. లోపల గ్రావెల్‌గానీ ఇసుకగానీ నాలుగంగుళాల చొప్పున పోసి, ప్రతి పొర మీదా నీళ్ళు పోసి దిమ్మిస కొట్టాలి. మేస్త్రీలు తొందరలో ఒకేసారి నింపేసేది ఇక్కడే. అలా నింపితే మొదటి వానాకాలానికే లోపల కుంగి, పైన బండ పగులుతుంది. పక్కన నిలబడి చేయించుకోండి.
4. పైన రెండడుగుల చదరపు తాండూరు బండలు ఆరు. వీధి వైపుకో తోట వైపుకో అరంగుళం వాలు ఉండాలి. బండ అంచు గోడ దాటి అంగుళం బయటికి ఉంటే వాన నీళ్ళు గోడ వెంట కారవు.
5. వారం రోజులు నీళ్ళు పట్టాలి.

బండను పాలిష్ చేయించొద్దు, వానకు జారుతుంది. కడప నల్లబండ చూడ్డానికి బాగుంటుంది, కానీ ఎండ పడే చోట పది గంటలకే కాలు పెట్టనివ్వదు. పూర్తి నీడలో అయితేనే వాడండి. అరుగు లోపల బోలుగా, కింద సందులతో కట్టించొద్దు. ఆ సందుల్లో ఎలకలు చేరతాయి, వాటి వెనక పాములు వస్తాయి. సంపెంగ, మొగలి వాసనకు పాములొస్తాయన్నది నమ్మకం మాత్రమే. అవి ఎలకల కోసం, కప్పల కోసం వస్తాయి. చుట్టుపక్కల కట్టెల కుప్ప, రాళ్ళ కుప్ప, ఎండు కొబ్బరి మట్టలు లేకుండా చూసుకుంటే చాలావరకు భయం ఉండదు.

డాబా మీద ఇటుక పని వద్దు. నాలుగడుగులకు మూడడుగుల చెక్క బల్ల, ఆరంగుళాల కాళ్ళు, కాళ్ళకు రబ్బరు తొడుగులు సరిపోతాయి. రబ్బరు లేకపోతే వాటర్‌ప్రూఫింగ్ పొర గీరుకుపోతుంది. నులక మంచం, నవారు మంచం దీనికి పనికిరావు. కూర్చోగానే మధ్యలో గుంట పడి తుంటి కిందికి దిగుతుంది, వీపు వంగుతుంది, పావుగంటకే నడుం పట్టేస్తుంది.

ఇక దిండు. అందరూ పట్టించుకోనిదీ, అసలు తేడా తెచ్చేదీ ఇదే. చదునైన నేల మీద బాసిపట్టు వేస్తే చాలామందికి మోకాళ్ళు గాల్లో లేస్తాయి. మోకాళ్ళు తుంటికన్నా ఎత్తులో ఉన్నంతసేపూ నడుము వెనక్కి గుండ్రంగా వంగే ఉంటుంది, ఎంత నిటారుగా కూర్చుందామన్నా మళ్ళీ కిందికి లాగుతుంది. దుప్పటి మడతలు పెట్టి నాలుగంగుళాల ఎత్తుతో మొదలుపెట్టండి. ఇంట్లో ఒకరిని పక్కనుంచి చూడమనండి. మోకాళ్ళు తుంటికన్నా కిందికి వచ్చేదాకా ఒక్కో మడత పెంచుతూ పోండి. కొందరికి ఆరంగుళాలు పడుతుంది. దొరికిన ఎత్తును కొలిచి, ఆ కొలతకు బూరుగు దూదో పత్తో కూరి దిండు కుట్టించుకోండి. దూది అణుగుతుంది కాబట్టి అంగుళం ఎక్కువ పెట్టమని చెప్పండి.

దిండు నిండా కూర్చోకుండా దాని ముందు మూడో వంతు మీద కూర్చోవాలి. పది నిమిషాలకే కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే దిండు అంచు తొడ కింద నొక్కుతోందన్నమాట. ఇంకొంచెం ముందుకు జరగండి. అప్పటికీ మోకాళ్ళు నేలకు ఆనకపోతే వాటి కింద మడిచిన తువ్వాళ్ళు దూర్చండి. వేలాడే మోకాలికి ఆసరా లేకపోతే తొడ లోపలి కండరం అంతసేపూ పట్టుకునే ఉంటుంది. దిండు కింద తుంగ చాప, దానిమీద గొంగడో మందపాటి జంపఖానో వేసుకుంటే చీలమండలు నొక్కుకోవు. మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళు సంకోచించకుండా కుర్చీ వేసుకోండి. పాదాలు పూర్తిగా నేలకు ఆనే ఎత్తు ఉండాలి, వీపు ఆనించకుండా కూర్చోవాలి.

నీడ

రేకుల షెడ్డు వేయకండి. ఎండకు పెనంలా కాగుతుంది, వానకు మాట వినబడదు.

పెరట్లో చెట్టు నీడ ఉంటే అంతకు మించింది లేదు, కానీ ఏ చెట్టన్నది చూడాలి. వేప, కానుగ మంచివి. కొబ్బరి చెట్టు కింద ఎప్పుడూ వద్దు, కాయో మట్టో పడితే ప్రమాదం. మునగ చెట్టుకు వానాకాలంలో గొంగళిపురుగులు పట్టి కింద రాలుతాయి, ఒంటికి తగిలితే దద్దుర్లే. మామిడి మీద ఎర్ర చీమలు ఆకులు కలిపి గూళ్ళు కట్టాయేమో చూసుకోండి.

డాబా మీద నాలుగు స్తంభాల పందిరి చాలు. స్తంభాల కోసం స్లాబుకు రంధ్రాలు వేయనివ్వకండి, నీరు దిగేది అక్కడినుంచే. 20 లీటర్ల ఖాళీ పెయింటు బకెట్లు నాలుగు తీసుకుని, ఒక్కోదానిలో ఒకటిన్నర అంగుళాల జీఐ (జింకు పూత వేసిన ఇనప) పైపు నిలువుగా నిలబెట్టి కాంక్రీటు నింపండి. ఒక్కో బకెట్టు 45 కిలోలకు పైగా బరువు తూగుతుంది. పైపు నిట్టనిలువుగా ఉందో లేదో కాంక్రీటు గట్టిపడకముందే తూకపు గుండు వేలాడదీసి చూసుకోండి. తర్వాత సరిచేయలేరు. ఎత్తు ఏడున్నర అడుగులు. రెండు స్తంభాలను పిట్టగోడ లోపలి వైపుకు క్లాంపులతో బిగించండి.

పైన 50 శాతం షేడ్ నెట్ (ఎండలో సగాన్ని ఆపే వల) సరిపోతుంది. 90 శాతంది వేస్తే గాలి ఆడదు. బల్ల ఎంతుందో అంతే నెట్ వేయడం మామూలుగా జరిగే పొరపాటు. పొద్దున, సాయంత్రం ఎండ ఏటవాలుగా వచ్చి నీడను పక్కకు తోసేస్తుంది. బల్లకు నలువైపులా కనీసం మూడడుగులు ఎక్కువ ఉండాలి. నెట్ అంచును రెండు మడతలు పెట్టి, ఆ మడతలోంచి జీఐ తీగ దూర్చి, తీగను స్తంభాలకు బిగిస్తే చిరగదు. ప్లాస్టిక్ కేబుల్ టైలు ఎండకు ఏడాదిలో పెళుసెక్కి విరుగుతాయి, నైలాన్ తాడు వాడండి. ముడులు ఒక్క లాగుకు ఊడేలా వేసుకోండి. ఏప్రిల్, మే నెలల్లో సాయంత్రం పూట ఈదురుగాలి లేచినప్పుడు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా కోస్తాలో తుఫాను హెచ్చరిక వచ్చినప్పుడు నెట్‌ను రెండు నిమిషాల్లో దించగలగాలి. దించని నెట్ తెరచాపలా గాలి పట్టి బకెట్లతో సహా పందిరిని లాగేస్తుంది.

తాటాకు, కొబ్బరి తడికలతో వేసిన చలువ పందిరి ఇంకా చల్లగా ఉంటుంది. దానికింద దీపం, అగరొత్తి మాత్రం పెట్టకండి.

మొక్కలు: తక్కువ, కానీ వేళకు తగినవి

పూల వాసనకు వేళలున్నాయి. పారిజాతం చీకటి పడ్డాక విచ్చి తెల్లవారేసరికి రాలుతుంది. ఐదున్నరకు లేచి కూర్చునేవాళ్ళకు దాన్ని మించిన చెట్టు లేదు. పెరట్లో నేలలో పెడితే మంచిది, డాబా మీదైతే పెద్ద డ్రమ్ము కావాలి. మల్లె, సన్నజాజి సాయంత్రం విచ్చుతాయి, సాయంత్రపు ధ్యానానికి అవి. రాత్రిరాణిని కూర్చునే చోటికి దగ్గరగా పెట్టకండి, ఆ ఘాటుకు చాలామందికి తలనొప్పి వస్తుంది. తీగ పందిరికి ఎక్కాలంటే రాధామనోహరం త్వరగా అల్లుకుంటుంది, ఎండకు తట్టుకుంటుంది. దాని బరువు ఏటా పెరుగుతుంది కాబట్టి పూత అయ్యాక కత్తిరించాలి.

మల్లెకు ఐదారు గంటల ఎండ తప్పనిసరి. నీడలో పెట్టి ఎంత ఎరువు వేసినా ఆకే గానీ మొగ్గ రాదు. నవంబరు చివర్లో కొన్ని రోజులు నీళ్ళు ఆపి, కొమ్మలు కత్తిరించి, మిగిలిన ఆకు దూసేసి, ఎరువు వేసి మళ్ళీ నీళ్ళు పెడితే మార్చి నుంచి బాగా పూస్తుంది. కుండీ మట్టికి ఎర్రమట్టి, వర్మీకంపోస్టు, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) సమపాళ్ళలో కలపండి. ఉట్టి మట్టితో పోలిస్తే బరువు బాగా తగ్గుతుంది.

చాటు కోసం నందివర్ధనం వరసగా పెట్టండి. పెద్దగా చీడ పట్టదు, తెల్ల పూలు ఏడాదంతా ఉంటాయి. మందారం అందమైనదే, కానీ పిండినల్లి పట్టగానే జిగురు కారుతుంది, జిగురుకు చీమలు, చీమలు మీ చాపకు. ఉన్నదాన్ని తీయనక్కర్లేదు, దూరంగా జరిపి, లీటరు నీళ్ళకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, నాలుగు చుక్కల సబ్బునీళ్ళు కలిపి వారానికోసారి ఆకు అడుగున తగిలేలా సాయంత్రం పూట కొట్టండి. కోతులు తిరిగే ఊళ్ళలో జామ, సీతాఫలం, అరటి డాబా మీద వద్దే వద్దు.

పావురాలకు గింజలు అక్కడ వేయకండి. రెట్టలు ఎండితే ఆ ధూళి ఊపిరితిత్తులకు చెరుపు. పొడిగా ఊడ్చకుండా ముందు నీళ్ళతో తడిపి కడగాలి.

దోమలు

డెంగీ తెచ్చే దోమ పగలు కుడుతుంది. అదీ ముఖ్యంగా తెల్లవారాక ఒకటి రెండు గంటలు, పొద్దు గూకేముందు. సరిగ్గా మనం కళ్ళు మూసుకుని కదలకుండా కూర్చునే వేళలు. ఈ ఒక్క కారణంతోనే చాలామంది తిరిగి గదిలోకి వెళ్ళిపోతారు.

ముందు ఇంటి దోమలను పుట్టనివ్వకూడదు. గుడ్డు నుంచి దోమ కావడానికి మన ఎండలకు వారం, పది రోజులు చాలు. అందుకని వారంలో ఒక రోజు పెట్టుకుని ఆ రోజు తప్పకుండా చూడవలసినవి: కుండీల కింది పళ్ళేలు, ట్యాంకు మూత సందు, ట్యాంకు ఓవర్‌ఫ్లో గొట్టం చివర (దానికి సన్న జాలీ కట్టండి), ఏసీ నీళ్ళు పడే డబ్బా, పక్షులకు పెట్టిన నీళ్ళ గిన్నె, సన్‌షేడ్ల మీద ఆకులు అడ్డుపడి నిలిచిన నీళ్ళు, కొబ్బరి చిప్పలు. నీళ్ళు ఒంపేస్తే సరిపోదు, పీచుతో రుద్దాలి. ఈ దోమ గుడ్లు గిన్నె గోడకు అంటుకుని నెలల తరబడి ఎండినా బతికే ఉంటాయి, మళ్ళీ నీళ్ళు తగిలిన రోజు పిల్ల అవుతాయి. కుండీల కింద పళ్ళేలే తీసేస్తే ఇంకా మంచిది.

పక్కింటి దోమల కోసం ఫ్యాను. దోమ బలహీనంగా ఎగురుతుంది, గాలికి నిలవలేదు. చిన్న టేబుల్ ఫ్యానును ఐదడుగుల దూరంలో నేల మీద పెట్టి, మొహానికి తగలకుండా కాళ్ళూ నడుము వైపు వీచేలా తిప్పండి. లేదంటే పందిరి నాలుగు మూలల నుంచి దోమతెర వేలాడదీయండి. కూర్చున్నాక తెర మోకాళ్ళకు ఆనకూడదు, ఆనిన చోట బయటినుంచి కుడుతుంది. కాబట్టి తెర బల్లకన్నా నలువైపులా అడుగు పెద్దదిగా ఉండాలి.

దోమల చుట్ట వెలిగించుకుని దాని పక్కన ప్రాణాయామం చేయడం మాత్రం వద్దు. లోతుగా పీల్చేకొద్దీ పొగ అంత లోపలికి పోతుంది. సాంబ్రాణి వేయాలనుకుంటే 20 నిమిషాల ముందు వేసి, పొగ పోయాక కూర్చోండి. దోమలను తరిమే మొక్కలంటూ నర్సరీల్లో అమ్మేవి కుండీలో ఊరికే ఉన్నంతమాత్రాన ఏమీ చేయవు.

నీళ్ళ తొట్టి కావాలనుకుంటే

కరెంటుతో నడిచే ఫౌంటెన్ రెండు నెలలకు పాచి పట్టి, పంపు ఆగి, దోమల తొట్టిగా మారుతుంది. దానికి బదులు తామర పెట్టుకోండి. రెండడుగుల వెడల్పు తొట్టిలో ఐదారంగుళాల చెరువు మట్టి, దానిపైన ఎనిమిదంగుళాల నీళ్ళు, రోజుకు ఆరు గంటల ఎండ. నాలుగైదు గప్పీ చేపలు వేస్తే దోమ పిల్లలను తినేస్తాయి. తామర తెల్లవారుజామున విచ్చుకోవడం మొదలుపెట్టి మధ్యాహ్నానికి ముడుచుకుంటుంది. మొదటి రోజు సగమే విచ్చుతుంది, రెండో రోజు పూర్తిగా. పగటి కలువలు బాగా ఎండెక్కాక గానీ విచ్చవు, పొద్దున్నే కూర్చుని లేచిపోయేవాళ్ళకు అవి కనబడవు. నిండిన తొట్టి వంద కిలోలు దాటుతుంది కాబట్టి డాబా మీద గోడ మీదికి వచ్చేలా పెట్టండి.

దీపం, కరెంటు

తెల్ల లైటు వద్దు. మూడు నుంచి ఐదు వాట్ల పసుపు ఎల్ఈడీ, మీ వెనక, మోకాలి ఎత్తులో ఉంటే చాలు. మొదటి వానలకు ఉసిళ్ళు లేచినప్పుడు తెల్ల లైటు చుట్టూ ముసురుకుంటాయి, పసుపు దగ్గరికి తక్కువ వస్తాయి. వైరు గొట్టంలోంచి రావాలి, సాకెట్టు వానకు తట్టుకునే మూతది కావాలి, ఆ లైనుకు 30 మిల్లీఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే లైను ఆపేసే స్విచ్) తప్పనిసరి. తడి నేల మీద వట్టి కాళ్ళతో ఫ్యాను స్విచ్ వేసే చోటు ఇది. నూనె దీపం పెట్టుకుంటే చిమ్నీ ఉన్న లాంతరులో పెట్టండి. ఊగే వత్తి మనసు కన్నా ముందు చూపును లాగుతుంది.

హైదరాబాద్ దగ్గర కడ్తాల్‌లోని పెద్ద ధ్యాన పిరమిడ్ చూసొచ్చాక ఇంటి మీద చిన్న పిరమిడ్ కట్టుకోవాలనుకునేవాళ్ళు మన దగ్గర ఎక్కువ. కొలత కావాలంటే, గిజా పిరమిడ్ వాలుకు పునాది పది అడుగులైతే ఎత్తు దాదాపు ఆరడుగుల నాలుగంగుళాలు వస్తుంది. రేకుతో చేయిస్తే మాత్రం పొద్దున తొమ్మిది తర్వాత లోపల ఉండలేరు. కింద నాలుగు వైపులా ఆరంగుళాల గాలి సందులు, కొన దగ్గర వేడి పోయే దారి, సందులకు దోమల జాలీ తప్పనిసరి. శాశ్వతంగా కట్టించాలంటే మున్సిపాలిటీ అనుమతి సంగతి ముందే కనుక్కోండి.

కాలం మారినప్పుడల్లా

ఫిబ్రవరి చివరికల్లా షేడ్ నెట్ కట్టి, స్లాబుకు సున్నం వేయించాలి. జూన్‌కు ముందు వాననీటి గొట్టాల మూతుల్లో ఆకులు తీసి, చెక్క బల్లకు వార్నిషో అవిసెనూనో పట్టించండి. కాళ్ళ అడుగు భాగానికి తప్పకుండా పట్టించాలి, చెక్క నీరు పీల్చేది అక్కడినుంచే. వానాకాలంలో బండ మీద పాచి పడితే బ్లీచింగ్ పొడి నీళ్ళు పోసి పావుగంట ఆగి గట్టి చీపురుతో రుద్ది కడగండి, ఆ నీళ్ళు కుండీల్లోకీ తామర తొట్టిలోకీ పోకుండా చూసుకోండి. ఉరుము వినబడితే లేచి లోపలికి వచ్చేయాలి, ఆరుబయట, అందులోనూ డాబా మీద, పిడుగు పడే అవకాశం ఎక్కువ. ధనుర్మాసంలో మంచుకు దిండూ గొంగడీ చెమ్మగిల్లి ముక్కిన వాసన వస్తాయి. రోజూ ధ్యానం ముగించి లేవగానే వాటిని మూత ఉన్న ప్లాస్టిక్ పెట్టెలో పెట్టి, వారానికోసారి మధ్యాహ్నపు ఎండలో రెండు వైపులా ఆరేయండి. ఆ పెట్టెలోనే ఒక చెవులు కప్పే శాలువా, దోమతెర, నెట్ దించడానికి స్టూలు ఎక్కనక్కర్లేకుండా కొక్కెం కర్ర ఒకటి ఉంచుకోండి.